హుఫూఫ్ హర్రాజులో వ్యాన్ కింద

2022 వేసవి సెలవుల ముందు నేను సౌదీలోని హుఫూఫ్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీ వర్క్‌షాప్‌కు ఫోర్‌మన్‌గా ఉన్నాను. జగిత్యాల నుంచి హెల్పర్‌గా వెళ్లి, మెకానిక్‌నై, ఆ కుర్చీ దాకా వచ్చినవాణ్ని. ఫోర్‌మన్ అంటే పెద్దగా ఏమీ లేదు, స్పానర్ పట్టడం తగ్గి సంతకాలు పెట్టడం పెరిగిన మెకానిక్. సెలవు రోజున మాత్రం నాకు విశ్రాంతి ఉండేది కాదు. పాత బండి కొనబోయే తెలిసినవాళ్లు వచ్చి నన్ను వెంట తీసుకెళ్లేవారు.

ఆ శుక్రవారం పిలిచింది మస్తాన్‌వలి. కడప మనిషి, ఒక సౌదీ పెద్దాయన ఇంట్లో డ్రైవరు. ఆ పెద్దాయనే అతని కఫీల్. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ కావాలన్నా, సెలవు మీద ఇంటికి పోవాలన్నా ఆయన చేతిలోనే. మస్తాన్ ఆయన్ను బాబా అనేవాడు. మనవలనూ మనవరాళ్లనూ ఒకే బండిలో వేసుకుని అభా కొండలకు పోవాలని బాబా కోరిక. ఊరంతా గాలించి మస్తాన్ ఒక పాత అమెరికన్ వ్యాన్ పట్టాడు. సరుకులు మోయడానికి తయారైన వ్యాన్‌కు ఎవరో పైకప్పు ఎత్తించి, లోపల సోఫాలు, పరదాలు, చిన్న ఫ్రిజ్, వెనక వాలిస్తే పరుపయ్యే బెంచీ పెట్టించారు. ఇలా మార్చినదాన్ని కన్వర్షన్ వ్యాన్ అంటారు.

“నిన్ననే తోలి సూసినా అన్నా. బ్రేకులు బాగుండాయి, గేరు మెత్తగా పడతాంది. కిందికి వంగి గూడా సూసినా. ఒక్క సుక్క తుప్పు ల్యా. నువ్వొచ్చి ఊ అంటే సాలు,” అన్నాడు.

నా ఊ కోసం కాదు, బాబా ముందు తన మాటకు బలం కోసం పిలిచాడని అర్థమైంది. నాకు కొంచెం ఒళ్లు మండింది. అయినా వెళ్లాను.

అక్కడి కార్ల హర్రాజులో ఒక పద్ధతి ఉంది. దల్లాల్ మైకు పట్టుకుని వరసగా ఒక్కో బండికి పాట పాడతాడు. అమ్మేవాడు ‘కూమత్ హదీద్’ అంటాడు. ఇనుప కుప్ప అని అర్థం. నేను అమ్మేది బండి కాదు, ఇనుప కుప్ప. తర్వాత ఏ లోపం బయటపడినా నా దగ్గరికి రావద్దు అని. ఆ మాట విని కూడా చెయ్యి కలిపితే ఇక అంతే సంగతులు. చూడాల్సింది ఏదైనా ఆలోపే చూసుకోవాలి.

మేం చేరేసరికి మైకు మా వరసలోకి వచ్చేసింది. ఇంజిన్ జోలికి నేను పోలేదు. మస్తాన్ మంచి డ్రైవరు, ఆ విషయంలో అతని చెవి నమ్మదగింది. టైర్ల పక్క గోడ మీద తయారైన సంవత్సరం చూశాను. గీతలు లోతుగానే ఉన్నాయి కానీ టైర్లు పాతవి. అక్కడి ఎండకు బండి కదలకపోయినా రబ్బరు చస్తుంది. ఎత్తించిన పైకప్పు అతుకు దగ్గర గుడ్డ తడిమాను, నీటి మరక లేదు. ఫ్రిజ్ కోసం పెట్టిన రెండో బ్యాటరీ నుంచి వెనక్కి పోయే వైరుకు ఫ్యూజు లేదు. ఎక్కడైనా ఒరుసుకుంటే నిప్పు పుడుతుంది. టైర్లు మార్చొచ్చు, ఫ్యూజు పెట్టొచ్చు. ఇక మిగిలింది కింద. అట్టముక్క పరుచుకుని, ఫోను లైటు వేసుకుని దూరాను.

మస్తాన్ చెప్పినట్టే శుభ్రంగా ఉంది. ముందు సీట్ల కింద కంపెనీ బిగించిన బోల్టులు, వాటికి మందపాటి ప్లేట్లు కనిపించాయి. వెనక్కి పాకి బెంచీ ఉన్న చోట వెలుగు వేశాను. బోల్టు లేదు. ప్లేటు లేదు. కనీసం రంధ్రం లేదు. అడుగు రేకు, బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బెంచీని, దానికున్న బెల్టులను రేకు దాకా దించకుండా, కార్పెట్ కింది ప్లైవుడ్‌కే స్క్రూలతో బిగించేశారు. అభా ఘాట్ రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా బ్రేకు పడితే ఆ బెంచీ పిల్లలతో సహా ఊడి ముందుకొస్తుంది.

అంతలో మైకు నా నెత్తిమీదే మోగింది. పాట మొదలైంది. కింద నుంచి నాకు కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. బాబా తోలుచెప్పులు, పక్కన మస్తాన్ చెప్పులు. పాట పెరిగింది, పోటీదారు ఆగిపోయాడు. కూమత్ హదీద్ అన్న మాట వినబడింది.

“మస్తాన్, చెయ్యి ఇయ్యొద్దని చెప్పు! ఎనక బెంచీ ఉత్త చెక్కకే ఉన్నది!” అని అరిచాను.

అతని చెప్పులు కదల్లేదు. వినబడలేదేమో అనుకున్నాను కానీ వినబడింది. తాను మెచ్చి తెచ్చిన బండిని వద్దనాలి. అదీ నలుగురిలో, పాట గెలిచిన కఫీల్‌ను ఆపి. బాబాకు పరువు ఎంత ముఖ్యమో అతనికి తెలుసు. నేను బయటికి పాకేలోపు చేతులు కలిసిపోతాయి.

“పిల్లలు కూసునేది ఆడనే తమ్మీ!”

అప్పుడు కదిలాయి ఆ చెప్పులు. నేను మట్టి కొట్టుకుని బయటికొచ్చేసరికి మస్తాన్ బాబా మణికట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. తప్పు తనదేనని, వెనక సీటు ఊడివస్తుందని అరబ్బీలో చెబుతున్నాడు. దల్లాల్ మైకులోనే తిట్టాడు. జనం నవ్వారు. బాబా చెయ్యి వెనక్కి తీసుకుని తన కారు దగ్గరికి నడిచాడు.

ఆగిపోయిన పోటీదారే వ్యాన్ తీసుకున్నాడు. అతనికీ చెప్పాను. నా బట్టలకున్న మట్టి చూసి, విని, చెయ్యి కలిపేశాడు. ఆ బండి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని చాలా రోజులు ఉండేది.

ఆ వారమంతా మస్తాన్ ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇక రాకుండా ఇంటికి పంపేస్తారని భయపడుతూనే ఉన్నాడు. తర్వాతి శుక్రవారం కొనక ముందే చూపించడానికి తెచ్చిన ఇంకో వ్యాన్ మా వర్క్‌షాప్ ముందు ఆగింది. బాబా ముందు సీట్లోంచి దిగలేదు. అద్దం దించి, ముందు నువ్వు కిందికి పడుకుని చూడు, తర్వాత ఫోర్‌మన్ చూస్తాడు అని మస్తాన్‌తో అన్నాడు. మస్తాన్ అట్టముక్క కోసం పరుగెత్తాడు. కింద నుంచి, “బోల్టులు ఉండాయన్నా!” అని అరిచాడు.

మార్చిన బండిలో కంపెనీ చేసిన పని కంటే ముందు, తర్వాత చేసినవాడి పని చూడాలి. ఇంజిన్ చెడితే బండి దారిలో ఆగుతుంది, అంతే. వెనక సీటు దేనికి బిగించారో కింద నుంచి చూడాలి. అక్కడ ఏమీ కనిపించకపోతే అది శుభ్రం కాదు.