వేడెక్కని ఒళ్ళు

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, మా అవ్వతో కలిసి పుంగనూరులో మదనపల్లె బస్సెక్కాను. ఇంట్లో అందరికీ విషజ్వరం వచ్చి తగ్గింది. అవ్వకు దగ్గు, మగతే గానీ ఒళ్ళు వేడెక్కలేదని నేను ధైర్యంగా ఉన్నాను.

పక్క సీటులోని పెద్దామె అవ్వనే చూస్తూ, "ఆస్పత్రికి పిలుసుకుపోమ్మా," అంది.

"జ్వరం లేదు కదమ్మా?"

"వయసైతే రోగంతో కొట్లాడే సత్తువ ఒంటికి తగ్గిపోతాదమ్మా. జ్వరం రాకుండానే ముదిరిపోతాది. మా ఆయన ఒళ్ళు సల్లగా ఉండాదనే ఇంట్లో పెట్టుకుంటి. దక్కలేదు."

మదనపల్లెలో ఆమె తన కదిరి బస్సు వదిలేసి మాతో వచ్చింది. ఇద్దరం అవ్వను చెరోవైపు పట్టుకొని ఆస్పత్రికి నడిపించాం. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందని డాక్టరు వెంటనే చేర్చుకున్నారు. నేను బయటికొచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది.

అవ్వ కోలుకుంది. తర్వాత పుట్టిన నా కూతురిని కాళ్ళమీద పడుకోబెట్టుకొని నీళ్ళు పోసేది. అలా పోసినప్పుడల్లా ఆ పెద్దామెకు మనసులో దండం పెట్టుకునేదాన్ని.