బ్రేకు మీది కాలు

డ్రైవింగు మాస్టారికి కుదురుగా ఉండటం పుట్టుకతోనే రాలేదు. ఇరవై రెండేళ్లుగా పక్కసీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్లు తడబడినప్పుడల్లా తనవైపున్న రెండో బ్రేకు తొక్కుతూ బతికారు. ఆ తొక్కుడుకే చినిగిందో, వయసుకే చినిగిందో గాని, కుడి తుంటి కీలు లోపలి అంచు చినిగింది. డాక్టరు చిన్న రంధ్రాల్లోంచి సన్నటి గొట్టాలు పంపి దాన్ని కుట్టి ఇంటికి పంపించారు.

"కొన్ని వారాలు ఈ కాలు మీరు కదపకూడదు. అలాగని కదలకుండా ఉంచినా లోపల అతుక్కుపోతుంది," అన్నాడు ఫిజియో. "వేరేవాళ్లు కదపాలి."

పగలు నాలుగు గంటలు మంచం మీది యంత్రం ఆ పని చేసేది. పట్టీలతో కట్టిన కాలును మెల్లగా మడిచి, మెల్లగా చాచేది. మాస్టారు గడియారం చూసేవారు, ఫోను చూసేవారు, మళ్లీ గడియారం చూసేవారు. ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. మూడోరోజు స్పీడు పెంచే బటను నొక్కబోయి భార్య చేత చీవాట్లు తిన్నారు.

ఉదయం, సాయంత్రం ఆవిడ వంతు. మోకాలి కింద ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి పెట్టి కాలును చిన్న సున్నాలా తిప్పాలి. ఆవిడ ముట్టుకుంటే చాలు, అది కర్రలా బిగుసుకునేది.

"వదలండి."

"వదిలానే!"

"ఇదా వదలడం? మీరే తిప్పుతున్నారు."

"నువ్వెటు తిప్పుతావో నాకేం తెలుసు?"

ఆవిడ ఆయన కాలును దిండు మీద పెట్టేసింది. "పదకొండేళ్ల కిందట నాకు కారు నేర్పుతానన్నారు. మలుపు రాకముందే బ్రేకు, వచ్చాకా బ్రేకు. స్టీరింగు మీద నా చేతులకంటే మీ చెయ్యే ఎక్కువసేపుంది. నాలుగోరోజు దిగి ఇంటికి నడిచొచ్చేశాను."

"భయమేసి మానేశావనుకున్నాను."

"భయం నాకు కాదు. మీకు."

మాస్టారు తల వెనక్కి వాల్చారు. "సరే, తిప్పు," అని కళ్లు మూసుకున్నారు. మొదటి చుట్లు బిగువుగానే సాగాయి. ఏడో చుట్టులోనో ఎనిమిదో చుట్టులోనో కాలి బరువంతా ఆవిడ చేతుల్లోకి జారింది. నొప్పి లేదు. ఆయనకే వింతగా అనిపించింది.

అంతటితో మనిషి మారిపోలేదు. మర్నాడు మళ్లీ బిగించారు. ఆవిడ ఆయన పిక్క మీద చిన్నగా ఒకటి వేసింది, వదిలారు. అలా రోజూ ఒక దెబ్బ, కొన్ని చుట్లు. ఆరో వారానికి ఒంటికర్రతో వీధి చివరిదాకా నడిచారు. నాలుగో నెలలో పనిలో చేరారు. ఎక్కువసేపు కూర్చుంటే ఇప్పటికీ తుంటి పట్టేస్తుంది. అప్పుడు బండి ఆపించి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి, మళ్లీ పాఠం మొదలుపెడతారు.