మంచుకొండ గుడికి బూట్లతో

ఫోనులో కత్తి పట్టుకుని అడవులు తిరిగే ఆట ఆడే ముసలివాళ్లు మా కోటబొమ్మాళి చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేనొకర్తిని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నాలుగు మాటలు చెప్పగలను. ఎలా నేర్చుకున్నానో కూడా చెబుతాను. ఊరికే చెబితే మాట నిలవదు.

నన్ను ఈ ఆటలోకి ఈడ్చింది మా వదిన, మా ఆయన అక్క. బొబ్బిలిలో కొడుకింట్లో ఉంటుంది. కిందటి వానల్లో తడి గచ్చు మీద జారి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. అడుగు వెయ్యకపోతే కాలు ఇక మంచానికే అని డాక్టరు చెప్పాడు. జారని రబ్బరు చెప్పులిచ్చి, ఇంట్లో కూడా అవి వేసుకునే నడవమన్నాడు. వదిన ససేమిరా అంది. ఆమె మంచం పక్కనే దేవుడి గది. ఇంట్లో చెప్పులతో తిరగడం ఆమె పుట్టి ఎరగదు. ఒట్టి కాళ్లతో దిగుదామంటే మళ్లీ జారతానని భయం. రెండు నెలలు మంచం దిగలేదు. నాట్ల వరుసలో అందరికంటే ముందు వంగి, అందరికంటే చివర నడుం ఎత్తిన మనిషి.

పొద్దు గడవడానికి కోడలు ఆమె ఫోనులో ఈ ఆట పెట్టింది. వారం తిరక్కుండా నాకు ఫోను.

"ఒసే, నువ్వూ ఈ ఆట ఎక్కించుకో. నాను అడవిలో ఒక్కర్తినే తిరగతన్నాను."

"ఏ అడవి వదినా?"

"వచ్చి సూడు. ఇక్కడ పలకల మీద ఏటో రాసున్నాది. నాకేటి తెలుస్తాది? సదువుకున్నదానివి, వచ్చి సదువు."

నా చదువు ఆ మాటకి తగినది కాదు. యాభై దాటాక పెద్దవాళ్ల బడిలో నేర్చుకున్న అక్షరాలు. బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. వదినకి ఆ పాటి కూడా రాదు. ఫోన్లు బాగుచేసే అతని చేత ఆట ఎక్కించుకుని, అందులో తెలుగు పెట్టించుకున్నాను.

మొదటిరోజు నా బొమ్మ ఒక గట్టు మీద లేచి నిలబడింది. కింద నది. సూర్యుడు పైకి వస్తున్నాడు, నీళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి, గడ్డి గాలికి పడుకుని లేస్తోంది. వంశధార ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, అయినా నోరు తెరుచుకుని చూశాను. ఇంతలో చెట్ల వెనక నుంచి వెండి జుట్టు బొమ్మ ఒకటి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నానే," అంది ఫోనులోంచి వదిన గొంతు. "పరిగెడతన్నాను సూడవే."

చూశాను. వాగు దూకింది. బండ మీదికి ఎగిరింది. నా కళ్లు మసకబారితే కొంగుతో ఫోను తుడిచాను.

ఇప్పుడు వినండి. కొత్తలో కనిపించిన ప్రతి జంతువునీ పొడవడానికి పోకండి. పైన ఎర్ర గీత ఉంటుంది, అదే మీ ప్రాణం. అది సగానికి వస్తే వెనక్కి తిరగండి, సిగ్గేం లేదు. ఆ గీతని మళ్లీ నింపే మందు సీసాలు దొరుకుతాయి, తాగండి. నేను తాగలేదు. విత్తనాల వడ్లు దాచినట్టు దాచాను. ఆకలేసినా విత్తనం వండుకోం కదా, అదే అలవాటు. మూట నిండా మందు పెట్టుకుని అడవిపంది చేతిలో చచ్చాను. వదిన మూడు రోజులు నవ్వింది.

ఆ లోకానికి ఉత్తరాన మంచుకొండ ఉంది. దాని మీద గుడి. గుమ్మం ముందు రెండు రాళ్లుంటాయి, ఇద్దరు ఒకేసారి ఎక్కి నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. వదిన దాన్ని చూసిన రోజు నుంచి ఇంకో మాట లేదు. మంచులో నడవడానికి బొచ్చు బూట్లు కావాలంటే, పది రోజులు ఒక గొర్రెలకాపరికి చాకిరీ చేసి సంపాదించాం.

మొదటిసారి ఎక్కినప్పుడు గుమ్మం దగ్గర పలక ఉంది. నేను చదవలేదు. గుడి కనపడగానే నా వేలు దానంతటదే బొమ్మ బూట్లు విప్పింది.

"వదినా, బూట్లిప్పావా?"

"నువ్వు సెప్పాలేటి? ఎప్పుడో ఇప్పేశాను."

రాళ్లెక్కాం. తలుపు తెరుచుకుంది. నాలుగడుగులు వేశామో లేదో, చలి పాదాల్లోంచి ఎక్కి గీత ఖాళీ చేసింది. కళ్లు తెరిస్తే కొండ కింద ఉన్నాం.

వదిన, "కాళ్లు లేనిదాన్ని. నాకెందుకే కొండలు," అని ఫోను పెట్టేసింది. నాలుగు రోజులు ఆటలోకి రాలేదు. బువ్వ కూడా సరిగ్గా తినడం లేదని కోడలు చెప్పింది. ఆ పలక చదవకపోవడం నా తప్పు. అక్షరాలొచ్చి కూడా అలవాటు మాటే విన్నాను.

అయిదో రోజు బతిమాలి తీసుకొచ్చాను. మళ్లీ ఎక్కాం. గుమ్మం దగ్గరికి రాగానే తోడేళ్లు చుట్టుముట్టాయి.

"నువ్వు సదువు, ఈటి సంగతి నాను సూస్తాను," అంది వదిన.

ఆమె కత్తి తిప్పుతోంది. నేను కూడబలుక్కుంటున్నాను. కా, ళ్లు, కా, పా.

"తొరగా సదవవే, పీకతన్నాయి."

"నా సదువు ఇంతే వదినా, ఆగు." చదివాను. "కాళ్లు కాపాడుకుని లోనికి రా. ఇంత దూరం నడిచి రావడమే నీ పూజ."

తోడేళ్లు పోయాయి. వదిన కదలలేదు. "మళ్లీ సదువు," అంది. చదివాను. "బూట్లతోనే రమ్మన్నాడేటి?"

"రాసున్నాది. నాను కల్పించి సెప్తన్నానేటి?"

బూట్లతోనే రాళ్లెక్కాం. లోపల విగ్రహం లేదు, కప్పు లేదు. ఆకాశం ఉంది. అందులో పచ్చటి వెలుగు చీర ఆరేసినట్టు కదులుతోంది. కింద మేం తిరిగిన అడవి, నది, ఎక్కడో గింజంత మా మొదటి ఊరు. వెనక్కి చూస్తే మంచులో ఇద్దరి అడుగులూ పక్కపక్కన, నాట్లేసిన వరుసలా ఉన్నాయి. ఇన్నేళ్లు బతికి ఇంత పెద్ద చోట నేనెప్పుడూ నిలబడలేదు.

వదిన గొంతు వినపడింది. నాతో కాదు.

"ఒసే కోడలా, ఆ డాక్టరు సెప్పులు ఎక్కడెట్టావు?"

తరవాత మంచం కిర్రుమంది. రబ్బరు గచ్చు మీద రాసుకున్న చప్పుడు. ఆగింది. మళ్లీ ఒకటి.

గుడిలో వదిన బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. ఆ మంచులో కదలనివాళ్లకి గీత తరిగిపోతుంది. దాని చుట్టూ తిరుగుతూ, దాచిన సీసా ఒకటి దానికి పోశాను. ఇంకొకటి పోశాను. నావి ఏడు సీసాలు. ఆరు అయిపోయాయి. ఏడోది తీస్తుండగా ఆమె ఆయాసం వినిపించింది, బొమ్మ తల తిప్పింది.

"బతికున్నానేటే?"

"ఉన్నావు వదినా. ఎందాక ఎల్లావు?"

"దేవుడి గది గడప దాకా," అంది. "సెప్పులతోనే."