ఎర్ర చుక్క ఎక్కడ పెట్టాలి

కోలారు బంగారు గనుల ఊరిగాంలో మా ఎదురింటి ప్రేమరాజు చర్చీలకూ పెళ్ళిళ్ళకూ స్పీకరు పెట్టెలు చేస్తాడు. ఇరవై రెండేళ్ళు గనిలో డ్రిల్లు పట్టి రాయి తొలిచిన మనిషి. గని మూతపడ్డాక సోల్డరింగ్ ఐరన్ పట్టాడు. తన పెట్టెను ఎవరైనా ఒక్క మాటంటే మూడు రోజులు పలకడు. అందుకని వీధిలో ఎవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు.

కొత్త పెట్టె తయారైతే పరీక్ష ఉంటుంది. తనతోపాటు డ్రిల్లు పట్టిన నలుగురిని అరుగు మీద కూర్చోబెట్టి, టీ పోసి, కీర్తన పెట్టి, సన్న స్వరాలు పెంచే నాబు తిప్పుతూ పోతాడు. నలుగురూ చెయ్యెత్తిన చోట ఆపి, అదే సరైన చోటని ఎర్ర రంగుతో చుక్క పెడతాడు. అప్పటికి నేను మా కిటికీలన్నీ మూసేసి ఉంటాను. అతని భార్య ఎస్తరమ్మ చెవులకు కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లో ఉంటుంది.

"రేకు మింద మేకుతో గీకినట్లుండాది" అనేది ఆమె.

"నీకేం తెలుసు? నలుగురు చెయ్యెత్తినారు!"

గని మూతపడిన నాలుగేళ్ళకు బెంగళూరులో చిన్న తయారీదారుల సౌండు ఎగ్జిబిషన్ పెట్టారు. అక్కడ ఒక్క ఆర్డరైనా రాకపోతే ఐరన్ అటకెక్కించి వాచ్‌మన్ పనికి పోతానని ప్రేమరాజు తేల్చేశాడు. ఇంగ్లీషు ఫారాలు నింపడానికి నన్ను లాక్కుపోయాడు. ఎస్తరమ్మతో కలిపి ముగ్గురం రెండు పెట్టెలతో మారికుప్పంలో రైలెక్కాం.

స్టాల్లో చుక్క దగ్గరికి నాబు తిప్పి కీర్తన పెట్టాడు. ఎదుటి స్టాలాయన కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఇటు వస్తున్నవాళ్ళు వస్తున్నట్టే వెనక్కి తిరిగారు. మధ్యాహ్నానికి మా స్టాల్లో మేం ముగ్గురమే మిగిలాం.

పక్క స్టాల్లో మైకులమ్మే సుగటూరు సుబ్బరాయప్ప చెవుల్లోంచి దూది తీసుకుంటూ వచ్చాడు. "అన్నా, ఈ చుక్క ఎవురు చెప్తే పెట్టినావు?"

"మా వాళ్ళు నలుగురు. అందురూ డ్రిల్లింగే."

సుబ్బరాయప్ప నవ్వలేదు. "అన్నేండ్లు ఆ మోతలో నిలబడినోళ్ళకు సన్న సద్దు యాడ వినబడతాదన్నా? మీకు సరిపోయేంత పెంచితే ఇంగ మా చెవులుంటాయా?"

ప్రేమరాజు ముఖం చిన్నబోయింది. నాకు నా మీదే ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు కిటికీలు మూసుకున్నానే గానీ, ఒక్కసారి గడప దాటి ఈ మాట చెప్పానా?

ప్రేమరాజు లేచి పక్కకు జరిగాడు. "ఎస్తరూ, నువ్వు తిప్పు."

ఆమె నాబును కాలే పెనం తాకినట్టు తాకి, మెల్లగా తగ్గించి, ఒకచోట ఆగింది. ఆ కీర్తనలో నాలుగు రకాల గొంతులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

"నాకు కంబళి కప్పినట్లుండాది" అని ప్రేమరాజు నా చెవిలో గొణిగాడు. కానీ అతను చూస్తున్నది జనాన్ని. పోయేవాళ్ళు ఆగుతున్నారు. సాయంత్రానికి ఒక కల్యాణమంటపం ఆసామి రెండు పెట్టెలు కావాలన్నాడు. ఏ ఊరని అడిగితే బంగారుపేట! మా పక్కూరాయన దొరకడానికి బెంగళూరు దాకా పోవాల్సి వచ్చింది.

మరుసటి వారం అరుగు మీద నలుగురూ చెయ్యెత్తలేదు. "ఏం ప్రేమరాజూ, చెడిపోయినట్లుండాదే?"

"పెట్టె బాగుండాదప్పా. చెడింది మన చెవులు. టీ తాగండి."

వాళ్ళ మధ్య కుర్చీలో ఎస్తరమ్మ కూర్చుంది. ప్రేమరాజు ఆమె చేతినే చూస్తూ నాబు తిప్పాడు. ఆమె చెయ్యెత్తింది. తనకు పాట సగమే వినిపిస్తున్న ఆ చోట అతను ఎర్ర చుక్క పెట్టాడు.