అమ్మ గాజుల సైజు

ఇవాళ తెనాలిలో గాజులు వేసే ఆయన నా చెయ్యి నొక్కి చూసి, "మీది రెండు ఎనిమిదమ్మా" అన్నాడు. మా అమ్మ సైజు అది.

ఇరవయ్యేళ్ల కిందట, రేపల్లెలో మన ఆరో తరగతి గుర్తుందా? అణిమ అంటే కోరుకున్నంత చిన్నగా అయిపోయే శక్తి అని తెలుగు సారు చెప్పారు. నేను లేచి నిలబడ్డాను.

"మా అమ్మకి వచ్చు సార్! పోయినేడు రెండు ఎనిమిది వేసుకుంది. ఇప్పుడు రెండు నాలుగు కూడా మోచేతి దాకా జారిపోతాయి."

మీరంతా నవ్వారు. సారు నవ్వలేదు.

"ఆస్పత్రికి తీసుకెళ్లారా అమ్మా?"

"గుంటూరు తీసుకెళ్లాం సార్. ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు" అన్నాను సంబరంగా.

ఇంటికి పంపేశారంటే నయమైపోయిందనే అనుకున్నాను.