అత్త గొంతు ఆలస్యంగా వినిపించిన రోజు

మా మేనత్త లక్కూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆండర్సన్‌పేటలోని మా ఇంటికి వచ్చింది. మనవరాలి పెళ్లిలో పసుపు దంచే పాట వినిపించాలని ఆమె కోరిక. అది ఒక్కరు పాడే పాట కాదు. ఒకామె ఎత్తుకుంటే ఇంకొకామె జవాబు పాడాలి. అత్తకు జవాబు పాడే పక్కింటామె పోయింది. ఊళ్లో వయసులో ఉన్న ఆడపిల్లలంతా వేమగల్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్తున్నారు, వాళ్లకు ఆ పాట రాదు.

“రెండు వంతులూ నువ్వే పాడత్తా, నేను రికార్డు చేసి కలిపి ఇస్తాను” అని గొప్పగా పిలిచింది నేనే. పాలు పితికే వేళకు ఆమె ఇంటికి చేరాలి. వాళ్ల ఆవు ఇంకొకరి చేతికి పాలివ్వదు.

మైకును కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, దీపం వెలిగించుకుని కూర్చుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అలాంటిదేదీ లేదంది. తీగ పీకి ఇంకో రంధ్రంలో పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. పెట్టెను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి పెట్టెను గుర్తుపట్టింది గానీ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. చూస్తే మైకు ఊరికే నిలబడి ఉంది, రికార్డు చేస్తున్నది ల్యాప్‌టాప్‌లోని సొంత మైకు! అది సరిచేస్తే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు.

“దానికి పాట పట్టేది తెలీదా, నీకు తెలీదా అప్పా?” అంది అత్త. “మా ఆవు కూడా ఇంత బతిమాలించుకోదు.”

నాకు నవ్వు రాలేదు. బఫర్ అనే అంకెను పెంచితే చిటపటలు పోతాయని ఎక్కడో చదివాను. కోపంలో దాన్ని చివరిదాకా పెంచేశాను. పోయాయి. అలా పెంచితే పాడేవాళ్ల గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తుందని కూడా అక్కడే రాసి ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు.

అత్త హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట ఎత్తుకుంది. రెండో మాటకే నెమ్మదించింది. చరణం చివర ఆగింది. మళ్లీ మొదలుపెట్టించాను. మళ్లీ ఆగింది.

“తాళం తప్పుతా ఉండావు అత్తా.”

“ఎనకాల ఎవురో పలుకుతా ఉండారప్పా. వాళ్లు ముగించనీ అని నిలబడితిని.”

“ఎవురూ లేరు. నువ్వు పాడు.”

ఇంకోసారి కూడా అంతే. అప్పుడు నోరు జారాను. “ఇన్నేండ్లుగా పాడతా ఉండావు, ఒక్క పాట నేరుగా పాడేకి కాదా నీకు?”

అత్త హెడ్‌ఫోన్ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. “వయసయింది గదా నాయనా.”

హెడ్‌ఫోనే పాడైందేమో చూద్దామని నేను పెట్టుకున్నాను. దగ్గాను. నా దగ్గు నా వెనకాల మెల్లగా నడిచివచ్చింది. అత్తకు వెనకాల పలికింది ఆమె గొంతే. పాటలో ఇంకో గొంతు వినిపిస్తే ఆగి చోటివ్వడం ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటు.

బఫర్ తగ్గిస్తే చిటపటలు తిరిగొచ్చాయి. కంప్యూటర్‌తో పనిలేకుండా గొంతును నేరుగా చెవికి పంపే మీట ఒకటి ఆ పెట్టె ముఖం మీదే ఉంది. పొద్దున్నుంచీ దాని పక్కనే వేళ్లు పెట్టి నొక్కుతున్నాను, దాన్ని తప్ప. బఫర్‌ను మళ్లీ పెంచి ఆ మీట నొక్కాను.

“ఏమయిందప్పా?”

“కంప్యూటర్‌లో ఏదో తప్పు ఉన్నింది. ఇప్పుడు పాడు.”

పాడింది. రెండు వంతులూ తాళం తప్పకుండా పాడింది. కానీ ప్రతి చరణం చివరా తలెత్తి నా మొహం చూసి “సరిపోయిందా?” అని అడిగింది. ఆ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించి, పాట కలిపి, పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టి బస్సెక్కించాను.

పెళ్లిలో రోకలి పోటుకు పాట బాగానే కుదిరింది. భోజనాల బంతిలో నా ఎదుట కూర్చున్న ఒక చుట్టం అత్తను మెచ్చుకున్నాడు.

“నాదేముండాది!” అంది అత్త, నా ఆకులో అన్నం వడ్డిస్తూ. “నేను తాళం తప్పుతానే ఉంటిని. పాపం, వీడే శానా ఓపికగా పాడించుకున్నాడు.”

“తప్పు నీది కాదత్తా, నాది” అనాలి. నోట్లో ముద్ద ఉంది. అది మింగాక కూడా నేను ఆ మాట అనలేదు.