కుండీ అడుగున బెజ్జం

నాకు ఒకచోట కూర్చునే అలవాటు లేదు. బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినప్పుడు కూడా కుర్చీ ఖాళీగానే ఉండేది, నేను బెంచీల మధ్య తిరిగేదాన్ని. రిటైరయ్యాక ఆ తిరుగుడు ఇంట్లోకి వచ్చింది. కానీ ఆ ఎండాకాలం తిరిగిన తిరుగుడు వేరు. కాలు కాలిన పిల్లి కూడా అంత తిరిగి ఉండదు.

కారణం నా కోడలు. గోదావరి కాలవ పక్క ఊరి పిల్ల. పెళ్ళయి అనంతపురంలో మా ఇంటికొచ్చి రెండేళ్ళయింది. ఐదో నెలలో కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు ఉలుకూ పలుకూ లేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది, అంతే. నా కొడుకు పొద్దున్నే సోలార్ ప్లాంటు డ్యూటీకి పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. మనుషుల్ని దారికి తేవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే, అరవడం. అది ఆ పిల్ల దగ్గర పనికిరాదని నాకే అర్థమైంది. ఇంకేం చేయాలో తోచక గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాను.

ఒకరోజు కోడలు కాఫీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి ఇంటి ముందు జాగా చూసింది. మా ఆయన బతికున్నప్పుడు తాడిపత్రి బండలు పరిపించిన జాగా అది. ఎండాకాలం పది గంటలకే అక్కడ అరికాలు పెట్టలేం.

"ఇక్కడ కాస్త పచ్చగా ఉంటే బావుండేది అత్తయ్యా," అంది.

నెలన్నరలో ఎవరూ అడక్కుండా తనంతట తాను అన్న మొదటి మాట. ఆ ఆదివారమే కొడుకు చేత ఎవరిదో వ్యాను అడిగించి ముగ్గురం సోమందేపల్లె దగ్గర హైవే పక్కనున్న నర్సరీకి పోయాం. కోస్తా మొక్కలు అక్కడ దొరుకుతాయని ఎవరో చెప్పారు.

నేను తిన్నగా కలబంద దగ్గరికి, కాగితం పూల దగ్గరికి పోయాను. నీళ్ళు అడగని మొక్కలు, మా సీమ మనుషుల్లాంటివి. కోడలు వాటిని చూడనైనా చూడలేదు. పచ్చ వల కట్టిన పందిరి కిందికి పోయి, చేటంత ఆకు ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మాన్‌స్టెరా అట. దాంతోబాటు హెలికోనియా, ఆంథూరియం, ఫెర్న్, ఒక అరెకా పామ్ ఏరింది. హెలికోనియా వాళ్ళ ఊళ్ళో కాలవ గట్టున ఉండేదని నా కొడుక్కి చెప్తోంది. వాడు నావైపు చూశాడు, నేను మొహం తిప్పుకున్నాను. ఏడుపొచ్చింది, ఎందుకు దాచడం.

కుండీల దగ్గర మళ్ళీ పేచీ. నల్ల ప్లాస్టిక్‌వి తేలిక, పగలవు, అవి చాలన్నాను. "ఆ బండల మీద నల్ల ప్లాస్టిక్ పెడితే వేళ్ళు ఉడికిపోతాయి అత్తయ్యా," అంది. మట్టివే తీసుకుంది, ఫెర్న్‌కు మాత్రం చిన్న నీలం పింగాణీ కుండీ. నర్సరీ అతను ఒక్కో కుండీ తిరగేసి అడుగున బెజ్జం తెరిచి ఉందో లేదో చూసి, లోపల పెంకుముక్క వేసి మట్టి నింపాడు.

"ఇంత బెజ్జమేమప్పా, బొటనవేలు దూరతాది!" అన్నాను.

"నీళ్ళు పోవల్ల కదక్కా."

"యాడికి పోవల్ల?"

అతను నవ్వి ఇంకో బేరం చూసుకోవడానికి పోయాడు. నా ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు కోడలు చెంబుతో నీళ్ళు పోసింది. ఐదు కుండీల కింద నుంచీ నీళ్ళు కారి, బండల మీద పారి, నేను చూస్తుండగానే ఆరిపోయాయి. ఒళ్ళు మండిపోయింది. మాకు కొళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. అది కాదు అసలు సంగతి. నేను పుట్టింది మడకశిర పక్క పల్లెలో. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు పెట్టేది, చేతులు కడుక్కోవాలంటే కరేపాకు చెట్టు దగ్గరికి తోలేది. కడవ చెమ్మగిల్లితే చాలు, సున్నం బెల్లం నూరి మెత్తేది. ఆ పని మాకెవరూ నేర్పలేదు, అన్నం తినడం ఎవరైనా నేర్పారా?

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం డాక్టరమ్మ దగ్గరికి పోయారు. స్నానాల గది మరమ్మతులో మిగిలిన సిమెంటు ఉంది. కుండీలు ఒక్కొక్కటీ పక్కకు వాల్చి, బెజ్జంలో గుడ్డపేలిక కూరి, పైన సిమెంటు మెత్తాను. ఎవరికీ చెప్పలేదు. కారే కడవను బూడ్చి చాటింపు వేసుకుంటామా?

రెండు రోజులకు కోడలు అడిగింది. "కింద నీళ్ళు రావట్లేదేంటి అత్తయ్యా?"

"ఈ ఎండకు మన్నే తాగేస్తాదిలే పాపా," అన్నాను.

రెండు వారాలు ఇల్లు ఇల్లులా ఉండింది. పొద్దున్నే బయట కుర్చీ వేసుకుని తడిగుడ్డతో ఆకులు తుడిచేది. కూనిరాగం తీసేది. ఒకరోజు చారు మళ్ళీ వేయించుకుంది. ఆ పూట నేను కూడా కాసేపు కూర్చున్నాను.

తర్వాత హెలికోనియా ఆకులు పసుపు తిరిగాయి. మాన్‌స్టెరా తల వేలాడేసింది. దప్పికేమోనని తను ఒక చెంబు పోసేది, తను లేనప్పుడు నేనొక చెంబు పోసేదాన్ని. నీళ్ళ విషయంలో ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషిని, నా తాగే నీళ్ళు కూడా పోశాను. ఒక పొద్దున చూస్తే ఆంథూరియం మొదలుకంటా ఊడి తన చేతిలోకి వచ్చి ఉంది.

"నా చేతిలో ఏదీ నిలవదు అత్తయ్యా," అంది. లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ మాట దేని గురించో నాకు తెలుసు. నాకు పిచ్చికోపం వచ్చింది, నర్సరీ వాడి మీద. వాడిపోయిన ఫెర్న్‌ను కుండీతో సహా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా తిట్లు వరస పెట్టుకున్నాను. దిగగానే మొదలుపెట్టాను.

"ఏమప్పా, కుళ్ళిన మొక్కలు అంటగట్టినావే!"

అతను కుండీ అందుకుని వంచాడు. పైనుంచి నల్లటి నీళ్ళు మురుగు కంపుతో కాళ్ళ మీద పడ్డాయి. అడుగు తడిమి చూశాడు.

"ఎవురక్కా ఇది బూడ్సింది?"

"నేనే. నీళ్ళు ఊరికే పోతాంటే చూస్తా కూసోవల్లా?"

"ఈ పక్క మనుషులంతా ఇదే పని చేస్తారక్కా. మా యమ్మ గూడా చేసింది. దీనికి దప్పికయి పాణం పోలేదు. మునిగి పోయినాది."

అనంతపురంలో నీళ్ళలో మునిగి చచ్చిన మొక్క! ఇంకెవరైనా అయితే నవ్వేదాన్ని. తల కొట్టేసినట్టయింది.

తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కమ్మీ పట్టుకుని నిలబడి లెక్కలు వేశాను. చడీచప్పుడు లేకుండా సిమెంటు పగలగొట్టి, కొత్త మొక్కలు తెచ్చి, నర్సరీ వాడు చెడ్డ సరుకు ఇచ్చాడంటే సరిపోతుంది. తప్పు ఒప్పుకున్న చరిత్ర నాకు లేదు. బోర్డు మీద లెక్క తప్పు వేస్తే, "చూస్తున్నారో లేదోనని పరీక్ష పెట్టినాన్రా" అనే రకం. కానీ అలా చెప్తే ఆ పిల్ల నా మాట నమ్మదు. తన చేతినే అనుమానిస్తుంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే పిలిచాను. బయటికొచ్చింది. అరెకా పామ్ కుండీ పక్కకు వాల్చి, స్క్రూడ్రైవరు పెట్టి రోకలిబండతో కొట్టాను. సిమెంటు పగిలి, గుడ్డపేలిక ఊడి, నల్లనీళ్ళు బండల మీదికి దూకాయి.

"నేనే బూడ్సినా పాపా. అన్నీ. నీ చేతిలో ఏ దోసమూ లేదు. తప్పు నాది."

ఊడిపడిన గుడ్డపేలికను చేత్తో ఎత్తి చూసింది. తర్వాత అరిచింది. ఆ గొంతు అంత ఉంటుందని నాకు తెలియదు.

"నేను అడిగాను కదా! మన్ను తాగేస్తుందన్నారు! ఇన్ని రోజులూ నేనేమనుకున్నానో తెలుసా మీకు? ఎందుకు చెప్పలేదు?"

ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. నన్ను ఒకరు తిడుతుంటే బదులు చెప్పకుండా నిలబడటం అదే మొదటిసారి. అరిచి అరిచి ఆ వేడి బండల మీదే కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. కింద కాలుతోంది, ఇద్దరం లేవలేదు.

"అది కూడా నా తప్పు కాదని డాక్టరమ్మ చెప్పింది," అంది చివరికి. "నేను నమ్మలేదు."

"నమ్ము," అన్నాను.

అరెకా పామ్ ఒక్కటే బతికింది. మిగతావి మళ్ళీ తెచ్చాం, ఈసారి బెజ్జాలు కోడలే చూసుకుంది. నీళ్ళు పోసేటప్పుడు నన్ను పిలిచి ఎదురుగా కుర్చీ వేస్తుంది. కుండీ కింద నుంచి సన్నటి ధార బయటికొచ్చి, బండ మీద పారి ఆరిపోతుంది. నా కాలు ఊరుకోదు, లేవబోతాను.

"పోనివ్వండి అత్తయ్యా," అంటుంది.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను.